ఆమెను అడిగిందెవరు?

ఆడదానికి ఆకలి మగవాడికన్నా రెండింతలు, కామం ఎనిమిదింతలు అని చాణక్యుడి పేరు మీద చెలామణీ అయ్యే నీతిశ్లోకం ఒకటి మన పెద్దవాళ్ల నోట నలుగుతూ వచ్చింది. సంసారపక్షంగా పెరిగిన ఆడపిల్లకు అలాంటి యావ ఉండదని అన్నదీ ఆ పెద్దవాళ్లే. ఆమె కోరికకు హద్దు లేదు కాబట్టి కట్టడి చేయాలంటుంది మొదటి మాట. ఆమెకు కోరికే లేదు కాబట్టి అడగక్కర్లేదంటుంది రెండో మాట. ఒకదానికొకటి పొసగని ఈ రెండు మాటలూ ఇన్ని తరాలు ఒకే కప్పు కింద బతికాయి. ఏది నిజమో ఆమెనే అడిగి తేల్చుకుందామని ఎవరికీ తోచకపోవడమే దానికి కారణమని నేననుకుంటాను.

వాత్స్యాయనుడి కామసూత్రంలో, రెండో అధికరణం మొదట్లో, ఈ విషయం మీదే ఒక వాదం నడుస్తుంది. మగవాడికి కలిగే తుది సుఖం లాంటిది స్త్రీకి ఉండదని ఔద్దాలకి అంటాడు. మొదటి నుంచి చివరిదాకా ఆమెకు సుఖం సాగుతూనే ఉంటుందని బాభ్రవ్యుడి పక్షంవాళ్లు అంటారు. ఇద్దరిదీ ఒకే జాతి, సుఖమూ ఒకలాంటిదే, కాబట్టి ఆమెకు ముందుగా తృప్తి కలిగేలా నడుచుకోవాలని వాత్స్యాయనుడు తేలుస్తాడు. అంత పాత గ్రంథంలో అంత మర్యాదైన తీర్పు ఉన్నందుకు నాకు సంతోషమే. అయినా వాదించింది మగవాళ్లు, తీర్పిచ్చింది మగవాడు.

ఆడవాళ్లు తమలో తాము ఏం మాట్లాడుకుంటారో నేను మొదట విన్నది పెళ్లిళ్లలో. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కృష్ణాజిల్లా పల్లెల్లో పెళ్లంటే మగవాళ్లు పందిట్లో, ఆడవాళ్లు దొడ్లో. వంట గిన్నెలు సర్దేశాక పెద్దవాళ్లు పాటలందుకునేవారు. నలుగు పాటలతో మొదలై, వియ్యపురాళ్లను దెప్పే పాటల మీదుగా, రాత్రి ముదిరేకొద్దీ అవి పచ్చిగా మారేవి. తాతయ్య ఎదుట ఏనాడూ గొంతెత్తని మా పెద్దత్త అక్కడ అందరికన్నా ముందుండేది. "మీ అన్నయ్య పక్క ఎక్కడమూ గురక పెట్టడమూ ఒకే ఊపిరి. మధ్యలో నేనొకదాన్ని ఉన్నానని తెలుసో లేదో" అని ఆడపడుచైన మా అమ్మతోనే అనేసింది. దొడ్డంతా గొల్లుమంది. అంతలో పెరటి గుమ్మం దగ్గర ఎవరో మగమనిషి దగ్గు వినిపించింది. నవ్వులు ఆగాయి. పైటలు సర్దుకున్నారు. ఆ క్షణంలో ఎవరైనా కాగితం, కలం పట్టుకొచ్చి అడిగి ఉంటే, అక్కడున్న ప్రతి ఆడదీ ఆ సంగతులు తనకు పట్టవనే చెప్పేది. ఆ జవాబునే లోకం వాళ్ల స్వభావమని రాసుకునేది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2003లో అమెరికాలో మిషెల్ అలెగ్జాండర్, టెర్రీ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను మూడు జట్లుగా చేసి, ఇంతవరకు ఎంతమందితో సంబంధం ఉందో రాయమన్నారు. మొదటి జట్టుకు తమ జవాబు మరొకరి కంట పడవచ్చన్న అనుమానం ఉంది. రెండో జట్టు ఒంటరి గదిలో, పేరు రాయకుండా జవాబిచ్చింది. మూడో జట్టుకు అబద్ధాన్ని పసిగట్టే యంత్రమని చెప్పి పనిచేయని తీగలు తగిలించారు. మొదటి జట్టులో మగవాళ్ల సగటు 3.7, ఆడవాళ్లది 2.6. రెండో జట్టులో 4.2, 3.4. తీగలు తగిలించిన జట్టులో మగవాళ్లది 4.0, ఆడవాళ్లది 4.4. మగవాళ్ల సంఖ్య నాలుగు చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. ఆడవాళ్ల సంఖ్య మాత్రం, ఎవరో చూస్తారన్న భయం కన్నా అబద్ధం బయటపడుతుందన్న భయం ఎక్కువైనప్పుడు మెట్టు మెట్టుగా పైకెక్కింది. ఒక సమాజంలో స్త్రీపురుషులు సమాన సంఖ్యలో ఉంటే ఇద్దరి సగటూ ఒకటే కావాలన్నది మామూలు లెక్క. అయినా సర్వేల్లో మగవాళ్ల సంఖ్య ఎక్కువగా, ఆడవాళ్లది తక్కువగా వస్తుంటే మనం దాన్ని ప్రకృతి అని నమ్ముతూ వచ్చాం.

నిజం చెప్పిన ఆడవాళ్లకు ఏమయిందో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. అందులో కోరుకునేది, అలిగేది, చొరవ తీసుకునేది రాధ. బతిమాలుకునేది కృష్ణుడు. శృంగారం మన ప్రబంధాలకు కొత్త కాదు. రాసినవాళ్లు మగవాళ్లైనంతకాలం అది రసమే. ముద్దుపళని రాస్తే వీరేశలింగం పంతులు గారు సిగ్గుమాలినతనంగా చూశారు. ఆడపిల్లల చదువు కోసం, వితంతువుల కోసం అంత చేసిన మనిషికి కూడా, ఒక స్త్రీ తన సుఖం గురించి స్వయంగా పలకడం మింగుడు పడలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. సిగ్గన్నది ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ పుస్తకాలను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ నిషేధం తొలగలేదు. పెరటి గుమ్మం దగ్గర వినిపించిన దగ్గే అక్కడ సర్కారు ఉత్తర్వుగా వచ్చింది. అమెరికాలోనూ జరిగింది దాదాపు ఇదే. కిన్సే అనే పరిశోధకుడు మగవాళ్ల లైంగిక జీవితం మీద 1948లో వేసిన పుస్తకాన్ని ఆ దేశం తట్టుకుంది. 5,940 మంది స్త్రీలు చెప్పినది కూర్చి 1953లో రెండో పుస్తకం వేస్తే పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆ పరిశోధనకు డబ్బు ఆపేసింది.

సిగ్గు ఒక్కటే అయితే ఏనాటికైనా కరిగేది. దానికన్నా లోతైనది భయం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో జరిగిన ఒక ప్రయోగం గురించి స్త్రీపురుష భేదాల మీద రాసే ప్రతివాళ్లూ చెబుతారు. 1978లోనూ 1982లోనూ జరిపి, రసెల్ క్లార్క్, ఎలైన్ హాట్‌ఫీల్డ్ 1989లో ప్రచురించారు. ముక్కూమొహం తెలియని ఒకరు వచ్చి ఈ రాత్రి నాతో గడుపుతావా అని అడిగితే, మగ విద్యార్థుల్లో సుమారు 70 శాతం మంది సరేనన్నారు. ఆడ విద్యార్థుల్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. అదిగో చూడండి, ఆడవాళ్లకు కోరిక తక్కువ అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలన్నారు చాలామంది. నాకు మాత్రం ఆ ప్రయోగం చదివినప్పుడల్లా వేరే ప్రశ్న వస్తుంది. ఆ అమ్మాయి ముందున్నది కోరికా, కొత్త మగవాడా?

2011లో టెర్రీ కాన్లీ అనే ఆవిడ ఈ ప్రశ్ననే పట్టుకుంది. అడిగినవాడు అపరిచితుడు కాక అందరూ ఎరిగిన అందగాడైన నటుడైతే అని ఊహించుకోమన్నప్పుడు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. స్త్రీలనూ పురుషులనూ ఇష్టపడే స్త్రీలైతే, అడిగింది మగవాడైనప్పటికన్నా ఆడమనిషైనప్పుడు ఎక్కువగా ఒప్పుకున్నారు. కొత్త మగవాడి దగ్గర ప్రమాదం ఎక్కువని, సుఖం దక్కే అవకాశం తక్కువని వాళ్ల అంచనా. ఆ అంచనా తప్పని ఎవరు చెప్పగలరు? చీకటి పడ్డాక షేర్ ఆటో ఎక్కేముందు లోపల ఇంకో ఆడమనిషి ఉందా అని తొంగిచూడని అమ్మాయి మన ఊళ్లలో లేదు. ఇంటికి చేరగానే మెసేజ్ పెట్టమని స్నేహితురాలికి చెప్పని అమ్మాయి లేదు. ప్రేమించినవాడికి పంపిన ఫోటో రేపు పదిమంది ఫోన్లలో తిరుగుతుందేమోనన్న దిగులు ఒకవైపు, నెల తప్పితే ఏం చేయాలన్న లెక్క ఇంకోవైపు. అతనికి ఎదురయ్యే గట్టి నష్టం కాదనిపించుకోవడమే. ఆమెకు పరువు, చదువు, పెళ్లి, ఒక్కోసారి ప్రాణం. మన రెండు రాష్ట్రాల్లోనూ కులం దాటి ప్రేమించిన పిల్లల్ని కన్నవాళ్లే చంపిన వార్తలు చదివినవాళ్లం మనం. ఇంత భారం మోస్తున్న మనిషి ముందడుగు వేయలేదని ఆమెకు మనసే లేదంటే, అది ఆమెకు జరిగిన రెండో అన్యాయం.

ఇక సుఖం సంగతి. డేవిడ్ ఫ్రెడరిక్ బృందం అమెరికాలో 52,588 మందిని అడిగి 2018లో అచ్చువేసిన లెక్కల్లో, కలయికలో ఎప్పుడూ లేదా సాధారణంగా భావప్రాప్తి పొందేవాళ్లు ఆడవాళ్లతో ఉండే మగవాళ్లలో 95 శాతం, మగవాళ్లతో ఉండే ఆడవాళ్లలో 65 శాతం. ఆడవాళ్లతో ఉండే ఆడవాళ్లలో 86 శాతం. ఈ మూడో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్త్రీ శరీరమే నిదానం, అది అంతుపట్టదు అని చెబుతూ వచ్చిన మాటకు అది సూటి జవాబు. శరీరం అదే. పక్కనున్న మనిషి ఆ శరీరాన్ని ఎరిగినవాళ్లైనప్పుడు 65 కాస్తా 86 అయింది.

ఎరిగినవాళ్లు అంతకాలం లేకపోవడానికి శాస్త్రం కూడా ఒక కారణమే. 1905లో ఫ్రాయిడ్, ఎదిగిన స్త్రీకి సుఖస్థానం క్లిటోరిస్ నుంచి యోనికి మారాలని రాశాడు. అలా మారనివాళ్లంతా తమలో ఏదో లోపముందని కుమిలిపోయారు. జర్మనీలో కోబెల్ట్ అనే ఆయన 1844లోనే ఆ అవయవాన్ని వివరంగా బొమ్మలు గీసి చూపించాడు. తర్వాతి పాఠ్యపుస్తకాలు దాన్ని మరిచాయి. ఆస్ట్రేలియాలో హెలెన్ ఓకానెల్ అనే సర్జన్ 1998లో, పైకి కనిపించేది చిన్న భాగమేననీ, ఎక్కువ భాగం లోపల విస్తరించి ఉంటుందనీ శవాలను కోసి చూసి మళ్లీ రుజువు చేయాల్సి వచ్చింది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన 29 ఏళ్లకు! మన దగ్గర స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారు జవాబులు రాయకపోతే నా తరం ఆడవాళ్లలో చాలామందికి ఆ అవయవం పేరైనా తెలిసేది కాదు. పత్రికను దిండు కింద దాచుకుని చదివినా, చదివాం. ఆ మేలు నేను మరిచిపోలేను.

నా స్నేహితురాలు ఒకామె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. నలభై దాటాక ఒకరోజు, "నాలో ఆ మనిషి చచ్చిపోయిందే" అంది. ఆమె రోజు నాకు తెలుసు. ఐదింటికి లేస్తుంది. టిఫిను, క్యారేజీలు, మెట్రో, కౌంటరు, తిరిగొచ్చి కూర, పిల్లవాడి హోంవర్కు, అత్తగారి మాత్రలు, రేపటికి పప్పు నానబెట్టడం. అన్నీ అయ్యేసరికి పదకొండు. ఆ వేళకు ఆమె ఒంట్లో మిగిలింది నిద్ర ఒక్కటే. మన దేశంలో 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ రెండు వందల నిమిషాలు ఆమెకు తిరిగిచ్చి, అప్పుడు అడగాలి ఆమె కోరిక ఎక్కడికి పోయిందని.

ఆమెకు నేను రోజ్‌మేరీ బాసన్ గురించి చెప్పాను. కెనడాకు చెందిన ఈ వైద్యురాలు 2000లో, అప్పటిదాకా వాడుకలో ఉన్న నమూనాను ప్రశ్నించింది. ముందు కోరిక పుట్టి, తర్వాత శరీరం స్పందిస్తుందన్నది ఆ పాత నమూనా. చాలాకాలం కలిసి ఉన్న స్త్రీలలో చాలామందికి ఇది తిరగబడి జరుగుతుందని ఆమె గమనించింది. దగ్గరితనం కావాలనిపించి, లేదా మంచి మాటకు మెత్తబడి, అలాంటి స్త్రీ మొదట స్పర్శకు సుముఖంగా ఉంటుంది. శరీరం మేలుకుంటుంది. కోరిక ఆ వెనక వస్తుంది. అది ఆలస్యంగా వచ్చినంత మాత్రాన తక్కువది కాదు. కోరికకు, బండికి ఉన్నట్టే, ఒక యాక్సిలరేటరూ ఒక బ్రేకూ ఉంటాయని బాంక్రాఫ్ట్, జాన్సెన్ అనే పరిశోధకులు చెప్పిన సిద్ధాంతం కూడా నాకు సబబుగా తోస్తుంది. రెచ్చగొట్టేవి ఎన్ని ఉన్నా, అలసట, అవమానం, పక్కగదిలో అత్తామామలు, మధ్యాహ్నం విన్న ఒక సూటిపోటి మాట బ్రేకు మీద కాలు తీయకుండా ఉంటే బండి కదలదు. ఆడవాళ్ల కోసం తెచ్చిన ఫ్లిబాన్సెరిన్ అనే మందుకు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. దాని ఫలితం, ఉత్తుత్తి బిళ్లతో పోలిస్తే, నెలకు అటూ ఇటూగా ఒక సంతృప్తికరమైన కలయిక మించి పెరగలేదు. 1998లో వయాగ్రా వచ్చి మగవాళ్ల సమస్యను రక్తనాళాల్లో సరిచేసినట్టు ఆడవాళ్ల సమస్య తీరదు. బ్రేకు ఉన్నది ఆమె ఒంట్లో కన్నా ఆ ఇంట్లో ఎక్కువ.

స్త్రీపురుషుల మధ్య తేడాలే లేవని నేననడం లేదు. జెన్నిఫర్ పీటర్సన్, జానెట్ హైడ్ 2010లో వందలాది అధ్యయనాలను కలిపి చూసినప్పుడు హస్తప్రయోగం, అశ్లీల చిత్రాలు చూడడం, బంధం లేని కలయికల పట్ల వైఖరి వంటి వాటిలో తేడా స్పష్టంగా కనిపించింది. మిగతా చాలావాటిలో చిన్నదే. హార్మోన్ల పాత్ర కూడా ఉంది. ముందు చెప్పిన టెర్రీ ఫిషర్ బృందం 2012లో విద్యార్థుల చేతికి చిన్న మీటలిచ్చి, శృంగారం గుర్తొచ్చినప్పుడల్లా నొక్కమంటే, మగపిల్లల్లో మధ్యస్థ సంఖ్య రోజుకు 19, ఆడపిల్లల్లో 10. అయితే తిండి గురించీ నిద్ర గురించీ కూడా మగపిల్లలే ఎక్కువసార్లు నొక్కారు. తన శరీరం అడిగేది ఏదైనా సరే, దాన్ని గమనించే అలవాటు ఆడపిల్లకు మనం నేర్పడం లేదేమో. అందరూ తిన్నాక తినమని పెంచిన పిల్లకు ఆకలి ఎప్పుడైందో కూడా గుర్తుండదు.

జంతువుల్ని చూపించి వాదించేవాళ్లకు ఒక్క మాట. ఆడది ఆచితూచి ఎంచుకుంటుందని, మగది వెంటపడుతుందని చెబుతూ 1948లో బేట్‌మన్ అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల మీద చేసిన ప్రయోగాన్ని ప్యాట్రీషియా గోవాటీ బృందం 2012లో మళ్లీ చేసి, ఆ పద్ధతిలోనే లోపముందని చూపించింది. 1970ల్లో సారా హర్డీ అనే పరిశోధకురాలు మన మౌంట్ ఆబూ కొండల మీద కొండముచ్చులను ఏళ్ల తరబడి గమనించింది. ఆడ కొండముచ్చులు తమ గుంపు దాటి వెళ్లి మరీ ఇతర మగవాటిని పిలవడం చూసింది. అంతకుముందు చూసినవాళ్లకు అది ఎందుకు కనబడలేదో మీరే ఆలోచించండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కాదనే స్వేచ్ఛ లేని చోట ఔనన్న మాటకు విలువ తెలియదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడు కారణాల్లో ఏదో ఒకదానికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనని ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సుమారు 84 శాతం స్త్రీలు అన్నారు. దేశంలోనే అత్యధికం మన రెండు రాష్ట్రాల్లోనే. పడకకు నిరాకరించడం ఆ ఏడు కారణాల్లో ఒకటి. ఇదే తెలుగు నేల మీద 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, భార్యను భర్త దగ్గరికి పొమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్‌ను కొట్టేశారు. తన శరీరాన్ని ఎవరు తాకాలో, తాను ఎప్పుడు తల్లి కావాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదేనని ఆయన గుర్తించారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోయింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, పద్దెనిమిదేళ్లు నిండిన భార్య మీద భర్త చేసే బలవంతం అత్యాచారం కాదన్న మినహాయింపు అలాగే చేరింది. ఈ మినహాయింపు పోవాలి. అది ఉన్నంతకాలం, మన పడకగదుల్లో సమ్మతి ఎంత, సర్దుబాటు ఎంత అన్నది ఏ శాస్త్రవేత్తా తేల్చలేడు.

పెళ్లికి ముందు కూతుళ్లకు సర్దుకుపొమ్మని చెప్పే తల్లులారా, ఈసారి కొడుకును కూడా కూర్చోబెట్టి చెప్పండి. ఆమె వద్దంటే వద్దనే అర్థమని, ఆమెకు సుఖం ఎలా కలుగుతుందో ఆమెను అడిగే తెలుసుకోవాలని. నెలసరి గురించి, కాన్పు గురించి అన్నీ అడిగే లేడీ డాక్టర్లు, కలయికలో నొప్పి ఉందా, సుఖం ఉందా అని కూడా అడగండి. అత్తగారిని బయట కూర్చోమని చెప్పి అడగండి. ఇది చదువుతున్న భర్తలకు నాదొక విన్నపం. పక్క మీద కాకుండా, తీరికగా టీ తాగే వేళ, మీ భార్యను అడగండి, ఏది బాగుంటుంది, ఏది బాధ పెడుతుంది, ఎప్పుడు వద్దనిపిస్తుందని. మొదటిసారే జవాబు రాకపోవచ్చు. ఇంకోసారి అడగండి. వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, ఆ తర్వాత ఏ గొడవలోనూ దాన్ని ఎత్తి దెప్పకండి.